నారింజ పుట్టిల్లు

సూర్యకుమారికి మొగుడి నోటి వెంట ఒక మాట వినాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. "బాగా చెప్పావు" అన్న మాట. అదేమంత గొంతెమ్మ కోరిక కాదు. కాసులపేరు చేయించమనీ కాదు, దేశాలు తిప్పమనీ కాదు. అయినా పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ మాట శ్రీరామచంద్రమూర్తి గారి నోట ఊడిపడలేదు. ఆయన చెడ్డవాడేం కాదు. గుత్తివంకాయ కుదిరితే కుదిరిందంటారు, పండగ చీర నప్పితే నప్పిందంటారు. మస్కట్ నగరంలో అల్ ఖువైర్‌లో ఒక ఆఫీసులో లెక్కలు చూసే మనిషి గనుక మెచ్చుకోలు కూడా అవసరమున్నంత వరకే ఖర్చుపెడతారు. కాని ఆవిడ ప్రాణం పెట్టి చేసే పని ఒకటుంది. దాని గురించి మాత్రం ఒక్కనాడూ పెదవి విప్పలేదు.

ఆ పని పేరు 'మాట పుట్టిల్లు'. నెలకొక శుక్రవారం పొద్దున, మంత్రిత్వశాఖల వెనక వీధిలో ఉన్న వాళ్ళ ఫ్లాట్‌లో, మస్కట్‌లోని తెలుగు ఆడవాళ్ళు కొందరు జంపఖానాల మీద చేరతారు. ఉప్మా, కాఫీ అయ్యాక సూర్యకుమారి ఒక మాటను తీసుకుంటుంది. అది ఏ ఊళ్ళో పుట్టింది, ఎవరి నోళ్ళలో నాని ఇలా అయింది, మన వంటింట్లోకి ఎలా వచ్చింది అని కథలా చెబుతుంది. మన ఇస్త్రీ, మన మేస్త్రీ రెండూ పోర్చుగీసువాళ్ళ మాటలేనని ఆవిడ చెప్పిన రోజు ఆడవాళ్ళు ఇళ్ళకు వెళ్ళి మొగుళ్ళను కూర్చోబెట్టి మరీ చెప్పారట. ఆ మొగుళ్ళందరూ విన్నారు. ఈ మొగుడు తప్ప.

శుక్రవారం ఆడవాళ్ళు మెట్లెక్కే వేళకి మూర్తిగారు కారు తాళాలు పట్టుకొని బర్కా వైపు కూరగాయల మార్కెట్టుకు బయలుదేరతారు. తిరిగొచ్చేసరికి సభ చివరికొస్తుంది. హాలు పక్కనే భోజనాల బల్ల దగ్గర కూర్చుని గోంగూర ఆకులు దూసుకుంటారు. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదు అన్న సామెత ఎవరు కట్టారో గాని, ఆవిడ కాపురం చూసే కట్టి ఉంటారు.

సభకు ఒక నియమం ఉంది. సూర్యకుమారి తండ్రి అమలాపురంలో తెలుగు మాస్టారు. ఆయన బళ్ళో పద్యం చూసి చదివితే వినేవారు కాదు, ఎదురుగా నిలబడి ఒప్పజెప్పాల్సిందే. ఆవిడా అదే పెట్టింది. ఇంకెవరైనా ఒక మాట గురించి చెప్పాలనుకుంటే, ఆ వారంలో ఆవిడ దగ్గరకు వచ్చి, కాగితం లేకుండా మొత్తం ఒప్పజెప్పాలి. ఆవిడ తప్పులు దిద్ది, సరే అంటేనే శుక్రవారం నోరు తెరవాలి. చెప్పినవాళ్ళకు చివర తాంబూలం, జాకెట్టు ముక్క ఇస్తారు. ఇదంతా ఎందుకని ఒకరిద్దరు సణిగినా, చాటుగానే సణిగారు.

అలా నడుస్తున్న బండిలోకి స్నిగ్ధ ఎక్కింది.

తీసుకొచ్చింది పైఅంతస్తులో ఉండే సాయిప్రియ. సూర్యకుమారికి కుడిభుజం. స్నిగ్ధది హైదరాబాదు. ముప్ఫయ్యేళ్ళ పిల్ల, ఇంకా పిల్లాజెల్లా లేరు. భర్త ప్రణయ్‌తో మబేలాలో ఉంటుంది. స్పానిష్, ఇటాలియన్ చదువుకుంది, కొన్నాళ్ళు అటు దేశాల్లో ఉద్యోగం చేసింది. ఇక్కడ ఒక టూరిస్టు కంపెనీలో పని. మత్రా రేవుకి షిప్పులొస్తే దిగిన తెల్లవాళ్ళను వెంటబెట్టుకొని కోటలూ బజారూ తిప్పి, వాళ్ళ భాషలోనే కబుర్లు చెబుతుంది.

మొదటి రోజు సూర్యకుమారి చెప్పిన మాట 'సబ్బు'. చెప్పడం అయ్యాక స్నిగ్ధ చిన్నపిల్లలా చెయ్యెత్తింది.

"ఆంటీ, నేనొకటి చెప్పొచ్చా? ఇటలీల సపోనె అంటరు, ఫ్రాన్స్‌ల సవోఁ అంటరు, స్పెయిన్‌ల హబోన్ అంటరు. మన సబ్బుకు ఎంతమంది చుట్టాలున్నరో!"

అందరూ గిర్రున అటు తిరిగారు. ఇంకో రెండు మాటలడిగారు. ఆ పిల్ల చేతులు తిప్పుతూ, ముఖమంతా నవ్వు చేసుకుని చెప్పింది. సరిగ్గా అప్పుడే మూర్తిగారు కూరగాయల సంచులతో లోపలికొచ్చారు. సంచిలోంచి కొత్తిమీర వేలాడుతోంది. గుమ్మంలోనే నిలబడిపోయి, ఆ పిల్ల చెప్పడం ఆపేదాకా సంచులు కింద పెట్టలేదు.

భోజనాల దగ్గర చారు కలుపుకుంటూ అన్నారు. "ఆ అమ్మాయెవరో గాని, ఎంత బాగా చెప్పిందే!"

సూర్యకుమారి చేతిలో గరిటె ఆగిపోయింది. తను ఎన్నేళ్ళుగానో ఎదురుచూస్తున్న మాట అది. ఇంటికొచ్చింది గాని చిరునామా తప్పింది.

"అప్పడం వెయ్యనా?" అంది. ఇంకేమంటుంది?

మూర్తిగారి మీద ఆవిడకు వేరే అనుమానమేమీ లేదు. ఆయన పరాయి ఆడపిల్లల వంక చూసే రకం కాదు, చూసినా కళ్ళజోడు లేకుండా ఆనదు. ఆవిడ మంట అది కాదు. తను ఒళ్ళు హూనం చేసుకొని సంపాదించుకోలేని దాన్ని, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చెయ్యెత్తి అడిగి పట్టుకుపోయింది. అదీ మంట. ఇది అసూయ అని ఆవిడకు స్పష్టంగా తెలుసు, వేరే పేర్లు పెట్టుకునే అమాయకురాలు కాదు. ఈ వయసులో ఇదేం రోగమని తనను తానే తిట్టుకుంది. తిట్టుకుంటే పోయేదైతే దాన్ని అసూయ అని ఎందుకంటారు?

మరుసటి నెల శుక్రవారం మూర్తిగారు మార్కెట్టుకు వెళ్ళలేదు. "బర్కా రోడ్డు మీద ట్రాఫిక్ ఎక్కువగా ఉందటే," అని బల్ల దగ్గర పేపరు పరుచుకుని కూర్చున్నారు. సూర్యకుమారి చెబుతున్నంతసేపూ పేపరు ముఖానికి అడ్డంగా ఉంది. స్నిగ్ధ నోరు విప్పగానే పేపరు ఒళ్ళోకి దిగింది. కుడిభుజం సాయిప్రియ కూడా ఆ వేళ స్నిగ్ధ పక్కనే చతికిలపడింది. అక్కడి నుంచి సూర్యకుమారికి ఆ పిల్లలో నచ్చనివి ఒక్కొక్కటే కనబడసాగాయి. నేత చీర మరీ అంత పొందికగా కట్టుకోవాలా? వెళ్ళేముందు అందరి గ్లాసులూ ఏరి సింకులో పెట్టడం ఎందుకు, మంచిదనిపించుకోడానికి కాకపోతే? ఆ నవ్వు నిజం నవ్వేనా? నిజం నవ్వే. అదే ఇంకా భరించరానిది.

ఆ తర్వాతి నెలకి స్నిగ్ధ తనంతట తనే అడిగింది. "ఆంటీ, ఈసారి నేనొక మాట చెప్తా. నారింజ. మీ రూల్ ప్రకారం వచ్చి ఒప్పజెప్త." కాదనడానికి కారణం కనబడలేదు.

మంగళవారం సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వచ్చింది. మూర్తిగారు ఇంకా ఇంటికి రాలేదు. ఆ పిల్ల జంపఖానా మీద కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గొంతు సవరించుకుంది.

"ఈ ఊర్ల జ్యూస్ షాపుకు పోయి నారింజ జ్యూస్ అడిగితే, వాడు లోపలికి 'బుర్తుఖాల్' అని కేకేస్తడు. బుర్తుఖాల్ అంటే పోర్చుగల్. మనం పండు అడిగితే వాడు దేశం పేరు చెప్తుండు. ఎందుకు?"

మొదలు వినగానే సూర్యకుమారి వెన్ను నిటారైంది. మాస్టారి కూతురు గనుక మంచి ఎత్తుగడ వినబడితే చెవి దానంతటదే నిక్కుతుంది.

స్నిగ్ధ చెప్పుకుపోయింది. నారింజ మన దక్షిణాదిలోనే ఎక్కడో పుట్టిన మాట అని చాలామంది పండితులంటారట. సంస్కృతంలోకి వెళ్ళి నారంగమైంది. పారసీకులు నారంగ్ అన్నారు, అరబ్బులు నారంజ్ అన్నారు. అరబ్బులు స్పెయిన్‌కు వెళుతూ చెట్టునీ మాటనీ రెంటినీ తీసుకెళ్ళారు. స్పెయిన్‌వాళ్ళు దాన్ని నరాన్హ అన్నారు. ఇటలీవాళ్ళ దగ్గరకు వచ్చేసరికి మొదట్లో ఉన్న 'న' కాస్తా ముందు వచ్చే 'ఉన', అంటే 'ఒక', అన్న మాటకు అంటుకుపోయి, అరాంచ మిగిలింది. ఫ్రెంచివాళ్ళు బంగారాన్ని 'ఓర్' అంటారు. పండు బంగారు రంగు కదా, ఆ బంగారం మోజులో ముందక్షరం మార్చుకుని ఒరాంజ్ చేసుకున్నారు. దాన్నే ఇంగ్లీషువాళ్ళు పట్టుకున్నారు.

"ఇదంత పుల్ల పండు కథ ఆంటీ. తియ్య పండు తర్వాత వచ్చింది. ఎక్కువ పోర్చుగల్ వాళ్ళ షిప్పుల మీద, చైనా దిక్కు నుంచి. గ్రీసు వాళ్ళు పుల్లదాన్ని పాత పేరుతోనే నెరాంజి అంటరు, తియ్యదాన్ని పోర్తొకాలి అంటరు. రుమేనియాల పోర్తొకాలా. మన జ్యూస్ షాపాయన చెప్పేది గూడ అదే. డచ్చోళ్ళు, ఉత్తర జర్మనీ వాళ్ళు, రష్యా వాళ్ళు ఇవేవీ కాదని చైనా యాపిల్ అని పెట్టుకున్నరు. రష్యాల అపెల్సిన్ అంటరు. ఒక్క పండు ఆంటీ! ఒకరు పుట్టింటి పేరుతోని పిలుస్తరు, ఒకరు తెచ్చినోళ్ళ పేరుతోని పిలుస్తరు, ఇంకొకరు ఏ దేశం నుంచి వచ్చిందో ఆ దేశం పేరు పెట్టి పిలుస్తరు."

ఇక్కడికి వచ్చేసరికి సూర్యకుమారి వినడం మానేసింది. ఆవిడకు శుక్రవారం కనబడుతోంది. ఒళ్ళో పేపరు పెట్టుకుని, కళ్ళజోడు పైకి తోసుకుని, నోరు కాస్త తెరిచి వింటున్న మూర్తిగారు కనబడుతున్నారు. భోజనాల దగ్గర ఆయన అనబోయే మాట కూడా ముందే వినబడింది. స్నిగ్ధ చివర్లో ఇంకేదో చెప్పింది. లరాంజ అనో ఏదో, పోర్చుగల్ వాళ్ళు మాత్రం మన పేరే ఉంచుకున్నారనో. అది ఆవిడ బుర్రలోకి దిగలేదు.

"ఎట్లుంది ఆంటీ?"

చాలా బాగుంది. ఇన్నేళ్ళలో ఆ జంపఖానా మీద ఎవరూ ఇంత బాగా ఒప్పజెప్పలేదు, ఆవిడతో సహా. ఆ నిజం నాలుక చివరికి వచ్చి నిలబడింది. ఆవిడ దాన్ని మింగేసింది.

"ఇంకా పాకం రాలేదమ్మా," అంది. "ఎక్కువ దేశాలు తిప్పేశావు. వినేవాళ్ళకు కళ్ళు తిరుగుతాయి. ఇంకో నెల నానబెట్టు, చెబుదువుగాని."

స్నిగ్ధ ముఖం చిన్నబోయింది. కాని ఒక్క క్షణమే. "మీరు చెప్తే అంతే ఆంటీ. ఎట్లాగూ ఈ శుక్రవారం షిప్ ఉందని ఇయ్యాలనే చెప్పిన్రు, నేను వచ్చుడు కూడ డౌటే," అని, తాగిన గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళింది. ఆ బోర్లించిన గ్లాసు మీద కూడా సూర్యకుమారికి కోపమొచ్చింది.

శుక్రవారం ఆవిడ సిద్ధం చేసుకున్న మాట 'దుప్పటి'. దొంగతనం చెయ్యాలని ఆవిడ పొద్దున్నే లేచి మడి కట్టుకోలేదు, ఆ మాత్రం న్యాయం ఆవిడకు మనమూ చెయ్యాలి. జనం చేరారు. ఉప్మా అయింది. మూర్తిగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని బల్ల దగ్గరకొచ్చి, హాల్లోకి తొంగిచూశారు.

"ఆ అమ్మాయి రాలేదేవిటే?"

"డ్యూటీ అట."

"అలాగా," అని గోడకు తగిలించిన కారు తాళాలు తీశారు. "అయితే మార్కెట్టుకు వెళ్ళొస్తాను."

చూశారా, ఎంత మామూలుగా అన్నారో! కసిరినా బాగుండేది. ఆవిడ అన్నేళ్ళ 'మాట పుట్టిల్లు' ఆ తాళాల గుత్తితో పాటు గలగలమంది. సూర్యకుమారికి కళ్ళు మండాయి. లోపల ఏదో తెగింది.

"ఉండండి," అంది గట్టిగా. అందరూ చూశారు. "ఇవాళ నారింజ. ఈ ఊళ్ళో జ్యూస్ కొట్టుకెళ్ళి నారింజ రసం ఇమ్మంటే వాడేమని కేక పెడతాడు?"

"బుర్తుఖాల్," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"అంటే ఏవిటి? పోర్చుగల్! నేనడిగింది పండు, వాడు చెప్పింది దేశం. ఎందుకంటారు?"

మూర్తిగారు తాళాలు బల్ల మీద పెట్టారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఇక ఆవిడకు ఒళ్ళు తెలియలేదు. చెప్పడం ఆవిడకు రాకపోతేగా! తండ్రి దగ్గర నేర్చిన ఆపులూ, విరుపులూ, గొంతు తగ్గించి చెవులు దగ్గరకు లాక్కోవడం అన్నీ వచ్చి చేరాయి. సరుకు స్నిగ్ధది, వడ్డన ఈవిడది. ఇటలీవాళ్ళు 'న'ను పారేసుకున్న వైనం చెప్పి, పెళ్ళివారింట చెప్పులు పారేసుకున్నట్టు అంది. హాలంతా గొల్లుమంది. ఫ్రెంచివాళ్ళ బంగారం మోజు చెబితే సాయిప్రియ తన గాజులు చూసుకుని మరీ నవ్వింది. సూర్యకుమారి ఓరకంట బల్ల వైపు చూసింది. మూర్తిగారు పేపరు మడత కూడా విప్పలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని, నోరు కాస్త తెరిచి వింటున్నారు. తనను వింటున్నారు.

గ్రీసు దాటి రుమేనియా దగ్గరకు వస్తుండగా తలుపు దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. స్నిగ్ధ. సముద్రం మీద గాలి ఎక్కువై షిప్పు రేవులోకి రాలేదట, డ్యూటీ లేదట. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పటికి తెలిసిందల్లా ఆ పిల్ల గుమ్మంలో నిలబడి ఉందనీ, పెదాల మీది నవ్వు అలాగే ఉండిపోయిందనీ, కళ్ళలో మాత్రం ఆరిపోయిందనీ.

సూర్యకుమారి తేలు కుట్టిన దొంగలా ఆగిపోయింది. ఆ ఒక్క క్షణంలో దారి ఉంది. "ఇదిగో, ఈ మాట తాలూకు మనిషే వచ్చింది, మిగతాది తను చెబుతుంది," అంటే సరిపోయేది. సభ నవ్వేసేది, తప్పు సరదాగా మారిపోయేది. ఆవిడ ఆ మాట అనబోయింది కూడా. కాని చూపు బల్ల మీదికి పోయింది. మూర్తిగారు "ఊఁ, తర్వాత?" అన్నట్టు గడ్డం ముందుకు చాపారు.

ఆవిడ తర్వాతది చెప్పింది.

రష్యావాళ్ళ చైనా యాపిల్ దాకా చెప్పి, పుట్టింటి పేరు, తెచ్చినవాళ్ళ పేరు అని స్నిగ్ధ మాటలతోనే ముగించబోతుంటే సాయిప్రియ అడ్డొచ్చింది. "పిన్నీ, అందరూ పోర్చుగల్ పండు, పోర్చుగల్ పండు అంటున్నారు సరే. మరి ఆ పోర్చుగల్ వాళ్ళు దాన్ని ఏవంటారు?"

సూర్యకుమారి నోరు తెరిచింది. మాట రాలేదు. మంగళవారం సాయంత్రం ఆ మాట ఆవిడ చెవి పక్కనుంచే పోయింది, అసూయతో నిండిన చెవిలో దానికి చోటు దొరకలేదు. అందరూ ముఖంలోకే చూస్తున్నారు. ఇంకాసేపుంటే అందరికీ తెలిసిపోతుంది.

"లరాంజ," అంది గుమ్మంలోంచి స్నిగ్ధ.

తలలన్నీ అటు తిరిగాయి.

"వాళ్ళు లరాంజ అంటరు. అంటే మన నారింజనే. ఊరందరూ వాళ్ళ పేరు పెట్టుకున్నరు, వాళ్ళు మాత్రం మన పేరే ఉంచుకున్నరు." లోపలికి అడుగుపెడుతూ, "మంగళవారం ఆంటీ దగ్గర కూర్చున్నప్పుడు ఈ ముచ్చట వచ్చింది. ఆంటీ నన్ను టెస్ట్ చేస్తున్నరు, గుర్తుందా లేదా అని," అంది. నవ్వింది. జంపఖానా చివర కూర్చుంది.

చప్పట్లు మోగాయి. పిల్లకు పరీక్ష పెట్టిన గురువుగారిలా కనబడింది సూర్యకుమారి అందరి కళ్ళకీ. సాయిప్రియ పళ్ళెంలో తాంబూలం పట్టుకొచ్చి ఆవిడ చేతుల్లో పెట్టి, కాళ్ళకు దణ్ణం కూడా పెట్టింది. ఆ పిల్ల దొంగని పట్టివ్వచ్చు, పట్టివ్వలేదు. తనైతే పట్టించేది, అందులో సందేహం లేదు. తనకు లేనిది ఆ పిల్ల దగ్గర మరొకటి బయటపడింది. కృతజ్ఞత పుట్టాల్సిన చోట మళ్ళీ అసూయే పుట్టింది. ఈసారి ఆ పిల్ల మంచితనం మీద.

అందరూ వెళ్ళారు. స్నిగ్ధ మామూలుగానే గ్లాసులు ఏరుతోంది, సూర్యకుమారి వైపు చూడకుండా. మూర్తిగారు బల్ల దగ్గరనుంచి లేచి వచ్చారు. ముఖం వెలిగిపోతోంది.

"సూర్యా," అన్నారు. పేరు పెట్టి పిలిచి ఎన్నాళ్ళయిందో. "ఎంత బాగా చెప్పావే! ఆ ఇటలీ వాళ్ళ చెప్పులూ అదీ... అబ్బ! చూశావా అమ్మా స్నిగ్ధా, మా ఆవిడ!"

వచ్చేసింది. సొంత చిరునామాకే వచ్చింది. పైగా 'మా ఆవిడ' అని కొసరు కూడా. సూర్యకుమారి దాన్ని పట్టుకుని ఊరికే నిలబడింది. ఉంచేసుకోవచ్చు. ఎవరూ అడగరు. అడగగలిగిన ఒక్కర్తీ ఇప్పటికే తల వంచుకుని గ్లాసులు సర్దుతోంది. ఉంచుకోవాలని ఎంత ఉందో ఆ దేవుడికే తెలుసు. కాని ఆ మాట ఆవిడ అనుకున్నంత తియ్యగా లేదు. ఆయన మెచ్చుకుంటున్న మనిషి తను కాదు. తన చీర కట్టుకుని, తన గొంతుతో మాట్లాడిన ఆ పిల్ల.

"చెప్పులొక్కటే నావండీ," అంది. "మిగతాదంతా ఈ అమ్మాయిది. మంగళవారం నాకు ఒప్పజెప్పింది. పాకం రాలేదని అబద్ధమాడి ఆపేశాను. ఇవాళ నేను చెప్పుకున్నాను. దొంగిలించానండీ."

మూర్తిగారి నవ్వు ముఖం మీద ఎక్కడ ఉండాలో తెలియక అక్కడే ఉండిపోయింది. "ఎందుకే?" అన్నారు చివరికి.

ఎందుకని చెబుతుంది? మీరు తాళాలు తీశారని చెబుతుందా? స్నిగ్ధ వైపు తిరిగింది.

"నీ మీద కుళ్ళుతో చేశానమ్మా. నువ్వు బాగా చెబుతావని. రేపే అందరికీ చెప్పేస్తాను. వచ్చే నెల నువ్వే చెప్పు, నీ నారింజ నీకిచ్చేస్తాను."

స్నిగ్ధ గ్లాసులు సింకులో పెట్టి, చేతులు తుడుచుకుంది. కోపంగా లేదు. అలిసిపోయినట్టుంది.

"ఎవరికి చెప్పాలె ఆంటీ? అందరు వినేసిన్రు కదా," అంది. "మీరే బాగ చెప్పిన్రు గూడ, నవ్వులు బయటిదాక వినబడ్డయి. నేను అంత నవ్వించకపోదును. రెండు నెలలు తయారైన దాని కోసం. మా అమ్మ ఉంటే ఆమెకు చెప్పుకుందును, లేదు కాబట్టి మీ దగ్గరకొచ్చిన."

"స్నిగ్ధా..."

"నేను అందరి ముందు మిమ్మల్ని కాపాడింది మీ కోసమే ఆంటీ, అది అబద్ధం కాదు. మీ తల వంగితే నేను చూడలేను. కాని మళ్ళ వచ్చి ఒప్పజెప్పుడు నాతోని కాదు." మూర్తిగారి వైపు చూసి, "వస్త అంకుల్," అని చెప్పులేసుకుంది. ఆ పిల్ల లిఫ్టు కోసం కూడా ఆగలేదు, మెట్ల మీద అడుగుల చప్పుడు కిందిదాకా వినబడింది.

సూర్యకుమారి తాంబూలం పళ్ళెం బల్ల మీద పెట్టి కూర్చుంది. ఏడుపు రాలేదు. మూర్తిగారు ఎదురు కుర్చీలో కూర్చున్నారు. చాలాసేపు బల్ల మీద తాళాల గుత్తిని అటూ ఇటూ జరిపారు. ఆయన మనసులో ఏదో లెక్క తేలక సతమతమవుతున్నట్టు కనబడింది. ఆయన తిడతారనే అనుకుంది. తిడితే బాగుండనే అనుకుంది.

"మరి," అని ఆగారు. "ఇన్నాళ్ళూ చెప్పావు కదా. ఇస్త్రీ అని, మేస్త్రీ అని, నెల నెలా ఏవేవో. అవి... అవన్నీ నీవేనా?"

అందులో ఎత్తిపొడుపు లేదు. ఆయనకు నిజంగానే తెలియదు. ఒక్కటీ విని ఉండలేదు గనుక, తెలుసుకోవడానికి ఆయనకు ఆవిడ మాట తప్ప వేరే ఆధారం లేదు. ఇప్పుడు ఆ మాటకు ఎంత విలువుందో ఇద్దరికీ తెలుసు.

"నావేనండీ," అంది సూర్యకుమారి.

"సరే," అన్నారు మూర్తిగారు. నమ్మారో లేదో, ఆ ముఖం చూస్తే ఆవిడకు తెలియలేదు.